బోర్డు మీద పులస, గిన్నెలో విలస

ముందే చెప్పేస్తున్నా, హోటల్ పేరు రాయను. రివ్యూ అని మొదలెట్టి పేరు రాయకపోవడం ఏంటండీ అంటారు, అనండి. జూలైలో ఈ హోటల్ మీద జరిగిన రచ్చ చూసినవాళ్ళకి ఎలాగూ అర్థమైపోతుంది. చూడనివాళ్ళు పేరు తెలియగానే చేసే మొదటి పని మ్యాప్ తెరిచి స్టార్లు చూడటం, అవి చూశాక ఇక నేను రాసింది చదివినా చదవకపోయినా ఒకటే. యానాం చుట్టుపక్కల, రోడ్డు పక్కన, రేకుల షెడ్డు, ముందు రెండు కొబ్బరి చెట్లు. ఆ మాటకొస్తే ఇక్కడ సగం హోటళ్ళు అలాగే ఉంటాయి లెండి.

సంగతి ఇది. ఒక కుర్రాడు వచ్చి పులస పులుసు చెప్పి, ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కెమెరా వైపు తిరిగి "ఫేక్ పులస! గోదావరి పరువు తీస్తున్నారు" అన్నాడు. నలభై సెకన్ల వీడియో. మూడు రోజుల్లో మా వాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నిటికీ పాకింది. నాకే ఏడుగురు పంపారు, అందులో ఒకాయన మా ఆవిడ మేనమామ, ఆయన చేపలే ముట్టడు. నాలుగుకి పైన ఉండే రేటింగ్ వారం తిరిగేసరికి రెండు దగ్గరికి దిగింది. అప్పుడు హోటలాయన తరఫు వాళ్ళు దిగారు. "సూపర్ టేస్ట్ అన్న", "గోదారోళ్ళ మర్యాదంటే ఇదీ" అని ఒక్కరోజులో ముప్పై నలభై ఫైవ్ స్టార్లు, పేర్లు చూస్తే సగానికి ఇంటిపేరు ఒకటే. ఆ తర్వాత చేప సంగతి అందరూ మర్చిపోయారు. ఓనరు ఏ కులం, ఆ కుర్రాడు ఏ కులం, ఎలక్షన్లో ఎవరి జెండా కట్టాడు, లోపల గోడ మీద ఏ హీరో ఫొటో ఉంది. ఒకడైతే క్యాష్ కౌంటర్ వెనకున్న క్యాలెండర్‌ని జూమ్ చేసి, దాని మీద ఎవరి బొమ్మ ఉందో ఎర్ర సున్నా చుట్టి మరీ చూపించాడు. ఆ ఓపికలో పదో వంతు ఉంటే బస్సెక్కి వచ్చి పులుసు తినిపోవచ్చు కదా.

నేనేం తక్కువ తినలేదు, అదీ చెప్పాలి. రెండేళ్ళ క్రితం మా వీధి చివర ఇడ్లీ బండి మీద ఇలాగే వీడియో వచ్చింది, చట్నీలో ఏదో పడిందని. చూసిన ఊపులో సింగిల్ స్టార్ కొట్టాను, పైగా ఒక జోకు కూడా రాశాను, దానికి లైకులు బాగానే పడ్డాయి, ఆ రాత్రి రెండు మూడు సార్లు లేచి చూసుకున్నాను కూడా. వారం తర్వాత తేలిందేంటంటే వీడియోలో ఉన్నది మా బండి కాదు, అసలు మన రాష్ట్రానిదే కాదు, వెనకాల కొట్టు బోర్డు కన్నడంలో ఉంది. నేను చూసిన వీడియోలోనే ఉంది, నేను చూడలేదంతే. రివ్యూ తీసేశాను. ఆ బండాయన ఇప్పటికీ నన్ను చూడగానే "రండి బాబుగారూ, అల్లం చట్నీ వేయమంటారా" అంటాడు. ఆయనకి తెలీదు కాబోలు. తెలిసే అలా అంటున్నాడేమో అని అప్పుడప్పుడు అనుమానం వస్తుంది, అప్పుడు ఆ ఇడ్లీ దిగదు.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను: తినకుండా రాయకూడదు, తినేముందు చదవకూడదు. మొదటిది తేలికే. రెండోది చాలా కష్టమండి, మనకి తెలియకుండానే చెవిలో పడిపోతుంది. ఈసారి వీడియో ముందే చూసేశాను కాబట్టి నా నాలుక అప్పటికే సగం పాడైపోయినట్టు లెక్క.

ఇది మాటవరసకి అంటున్నది కాదు. 2013లో సైన్స్ పత్రికలో ముచ్నిక్, ఆరల్, టేలర్ అనే ముగ్గురు ఒక ప్రయోగం గురించి రాశారు. వార్తల మీద జనం చర్చించుకునే ఒక చోట లక్షకి పైగా వ్యాఖ్యలు తీసుకుని, వాటిలో కొన్నిటికి పెట్టిన వెంటనే ఒక ప్లస్ ఓటు వేశారు. అందులో ఏం రాసుందో చూసి కాదు, చీటీ తీసినట్టు వేశారు. ఆఖరికి చూస్తే ఆ ఒక్క ఓటు పడ్డవాటి స్కోరు సగటున 25 శాతం ఎక్కువ తేలింది. తమాషా ఏంటంటే కావాలని మైనస్ వేసినవాటిని మాత్రం తర్వాత వచ్చినవాళ్ళే సరిచేసేశారు. మన దగ్గర ఆ రెండో ముక్క పనిచేసినట్టు నాకైతే కనబడలేదు. అయినా నలభై సెకన్ల వీడియో అంటే ఒక్క మైనస్ కాదు కదా, వెనకాల మ్యూజిక్ కూడా ఉంటుంది.

సరే, ఒక ఆదివారం మా బావని వెంటేసుకుని అమలాపురంలో బండి తీశాం. మా బావ సిద్ధాంతం వేరు. "అన్నీ పెయిడే బావా. పొగిడినోడికి ఈయన డబ్బులిచ్చాడు, తిట్టినోడికి పక్క హోటలోడు ఇచ్చాడు. రేపు నువ్వు రాస్తే నీకెంతిచ్చారు అంటారు." ముమ్మిడివరం దాటేదాకా ఇదే పాట. ఒకప్పుడు నాకు ఈ మాట చాలా తెలివైన మాటలా అనిపించేది, లోకమంతా చూసేసినవాడు మాట్లాడినట్టుంటుంది. కానీ చూడండి, అందర్నీ నమ్మేవాడికి ఏదీ కనుక్కోవాల్సిన పని లేదు, ఎవర్నీ నమ్మనివాడికీ లేదు. ఇద్దరూ ఇంట్లోనే కూర్చోవచ్చు. పెట్రోలు మిగులుతుంది. ప్రభుత్వం కూడా దీనిమీద ఏదో చేసింది బావా, 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూలకి ఐఎస్ 19000:2022 అని ఒక ప్రమాణం తెచ్చింది, రాసేవాళ్ళు ఎవరో సరిచూసుకోవాలి, డబ్బులిచ్చి రాయించుకోకూడదు అని చెప్పాను. పాటించడం మాత్రం కంపెనీల ఇష్టమట అని చివర్లో అన్నాను. నవ్వాపుకోలేక బండి పక్కకి తీసి ఆపాడు.

ఇదంతా నెట్ వల్లే వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. నాకు అలా అనిపించదు. 2022 మే నెలలో అమలాపురంలో గొడవలయ్యాక కోనసీమలో కొన్నాళ్ళు మొబైల్ నెట్ ఆపేశారు, ఇంటి దగ్గర్నుంచి పనిచేసుకునే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు సిగ్నల్ కోసం ల్యాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్టు దాకా వెళ్ళారు. ఆ రోజుల్లో పుకార్లు ఆగాయా అంటే ఆగలేదు, టీ కొట్టు దగ్గర్నుంచి టీ కొట్టుకి నోటితోనే నడిచాయి. కాకపోతే చెప్పేవాడి మొహం కనిపించేది. "నువ్వు చూశావా?" అని అడిగితే ఒక్క క్షణం ఆగి, "మా తోడల్లుడు చెప్పాడు" అనేవాడు. ఆ ఒక్క క్షణం ఫోన్లో ఉండదు.

మధ్యలో ఎదుర్లంకలో మా మేనత్త ఇంట్లో ఆగాం. నేను పని మీదే ఆగాను, ఆవిడకి చేపల గురించి తెలిసినంత నాకు తెలిసినవాళ్ళలో ఎవరికీ తెలీదు. వీడియో చూపించాను. చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని రెండు సార్లు చూసింది. "వండేశాక ఎవడు చెబుతాడ్రా?" అంది. "పచ్చి చేప అయితే కళ్ళు చూడాలి, మొప్పలెత్తి చూడాలి, ఐసులో వచ్చిందో నీళ్ళలోంచి వచ్చిందో అక్కడే తెలిసిపోద్ది. కుండలో పడి, చింతపండు పులుసు తాగి, రాత్రంతా ఊరాక ముక్క తిని పందెం కాయమంటే నేనే కాయను. ఈ బాబుకి ఎన్నేళ్ళు?" అంతే, ఫోన్ నా చేతికిచ్చి మజ్జిగ తేవడానికి లోపలికెళ్ళిపోయింది.

బయటి ఊళ్ళవాళ్ళ కోసం రెండు మాటలు. సముద్రంలో ఉన్నంతకాలం దీన్ని విలస అంటాం. జూలై, ఆగస్టుల్లో గోదావరికి ఎర్రనీరు తగలగానే గుడ్లు పెట్టడానికి గౌతమి, వశిష్ఠ పాయల్లోకి వచ్చి ఏటికి ఎదురీదుతుంది, ధవళేశ్వరం బ్యారేజీ అడ్డం కాబట్టి అక్కడికే ఆగిపోతుంది. అలా ఎదురీది వచ్చినదే పులస. బెంగాలీలు ప్రాణం పెట్టే ఇలిష్, ఇదీ ఒకే జాతి. దొరికేది తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ, యానాంలో ఒక్క చేప ఇరవై వేలు దాటి పలికిన రోజులున్నాయి. అందుకని ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ ఐసు పెట్టెల్లో వచ్చిన చేప ఇక్కడ రోడ్డు మీదకి రాగానే పులస అయిపోతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత. పుస్తెలమ్మి తిన్నాక అది పులస కాదని ఒప్పుకునే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి, అమ్మేవాడి ధీమా అంతా అక్కడే.

ఇక హోటల్. బోర్డు మీద ఎర్ర అక్షరాల్లో "గోదావరి పులస పులుసు" అని ఇంత లావున ఉంది. ముక్క 350, భోజనం 130. కూర్చోకముందే నాకు ఒక లెక్క తోచింది. కిలోన్నర చేప, కోస్తే తలా తోకా పోను పది పన్నెండు మంచి ముక్కలు. అన్నీ 350కి అమ్మినా నాలుగు వేలు. ఆ సైజు పులసకి గట్టు మీద ఆ డబ్బులు చాలనే చాలవు, ఇక కట్టెలకీ నూనెకీ కుర్రాడి జీతానికీ ఎక్కడినుంచి వస్తుంది? అంటే ఇది పులస అయ్యే అవకాశం లేదు. వీడియో కుర్రాడు అన్నదే నిజం. కానీ ఆ నిజం ముక్క నమిలితే తెలిసేది కాదు, ధరల పట్టిక చదివితే తెలిసేది. ధరల పట్టిక చదవడాన్ని వీడియో తీస్తే ఎవరు చూస్తారు.

ఓనరు దగ్గరికే వెళ్ళి అడిగాను. యాభై దాటిన మనిషి, భుజం మీద తువ్వాలు. ముందు నా చేతుల వైపు చూశాడు.

"వీడియో తీత్తన్నారాండి?"

"లేదండి. చేప గోదారిదేనా అని అడుగుతున్నానంతే."

"విలసండి. ఒరిస్సా నుంచి వత్తది. ఎర్రనీరు గట్టిగా తగిలాక పులస ఒకటీ అరా దొరికితే ముందు ఫోన్ చేసి చెప్పినోళ్ళకి చేత్తాను. అది ముక్క పన్నెండొందలు పడద్దండి."

"మరి బోర్డండీ?"

"బోర్డు అందరిదీ అంతేనండి బాబూ."

ఇదిగో, ఇక్కడ నాకు మండింది. మా బావ పాట, ఈయన పాట ఒకటే. అన్నీ పెయిడే అని ఆయన, అందరిదీ అంతే అని ఈయన. ఒకాయన ఆ మాట చెప్పుకుని తెలుసుకోవడం మానేశాడు, ఇంకొకాయన అదే మాట చెప్పుకుని అబద్ధం రాయించాడు. ఎవరూ నిజం చెప్పరు అని ఊరంతా ఒప్పేసుకుంటే ఇక చెప్పనివాడికి సిగ్గెందుకు? అడిగితే నిజం చెప్పే మనిషి అడగనివాళ్ళందరికీ అబద్ధం చెబుతున్నాడు, రోజుకి వందమంది వస్తే అడిగేది ఇద్దరు. ఇదే మాట ఆయనతో అన్నాను, కొంచెం మెత్తగా. బోర్డు మళ్ళీ రాయించాలంటే పెయింటరుకి డబ్బులండి అన్నాడు.

తిండి. ఇక్కడ కాస్త నెమ్మదిగా చెబుతాను, ఇంత గొడవలో ఒక్కరూ చెప్పనిది ఇదే కాబట్టి. పులుసు మట్టి కుండలో కట్టెల పొయ్యి మీద కాచింది, ముందు రోజుది. ముందు రోజుదని కుర్రాడు గర్వంగానే చెప్పాడు, చెప్పాలి కూడా, చేపల పులుసు ఏనాడైనా రెండోరోజే. చింతపండు మరీ దంచలేదు, పులుపు నాలుక మీద పడి ఆగింది, గొంతు దాకా కోసుకుంటూ పోలేదు. పైన ఆవకాయ ఊట తేలుతోంది, ఆ ఎర్ర నూనె అన్నంలోకి దిగుతుంటే కంచంలో గట్టు తెగినట్టుంది. బెండకాయలు నిలువుగా చీరి వేశారు, మెత్తగా ఉడికినా జిగురు లేదు, చిన్న పని కాదండి అది. ముక్క వేలు పెట్టగానే పొరలుగా విడింది, ముళ్ళు మాత్రం దేవుడు కసిగా పెట్టినట్టు ఎటు చూసినా ఉంటాయి, ఆ చేప స్వభావమే అంత. తొందరున్నవాళ్ళు, ఫోన్ చూస్తూ తినేవాళ్ళు రావద్దు, గొంతులో పడితే నా పూచీ లేదు. నాకు జన, అదే చేప గుడ్లు, పడింది, బావకి పడలేదు, దారంతా దాని గురించే ఏడ్చాడు.

మిగతావి అంత గొప్పగా లేవు. రొయ్యల వేపుడులో ఉప్పెక్కువ, దొండకాయ వేపుడు మెత్తబడిపోయింది, పెరుగు పులిసింది. పప్పు ఫరవాలేదు. చేతులు కడుక్కునే చోట సబ్బు లేదు. బాత్రూమ్ గురించి రాయను, ఆడవాళ్ళతో వచ్చేవాళ్ళు ముందే ఎక్కడైనా ఆగి రండి.

ఇంటికొచ్చి ఫోన్ తీశాక అసలు పరీక్ష మొదలైంది. వేలు అయిదో స్టార్ మీదకే పోతోంది. పులుసు అయిదుకి తగ్గది కాదు, అది ఒక కారణం. రెండో కారణం అంత మంచిది కాదు: ఆ కులం పేరెత్తినవాళ్ళు, క్యాలెండర్‌కి సున్నా చుట్టినవాడు ఏడవాలని. వాళ్ళు ఒకటి పెట్టారని నేను అయిదు పెడితే నా వేలు వాళ్ళు నొక్కించినట్టే కదా. మందతో పాటు పరిగెత్తేవాడిదీ, మందకి ఎదురు పరిగెత్తేవాడిదీ దారి మందే చెబుతుంది. ఇంకో భయం కూడా ఉంది, నిజాయితీగా మూడు పెడితే ఇటువాళ్ళూ అటువాళ్ళూ కలిసి తిడతారు. జోకు రాసి లైకులు తెచ్చుకున్న చేతికి అది కొంచెం కష్టమే.

మా బావ దగ్గర ఇంకో మాట ఉంది, ఈ కాలం జనం చెడిపోయారు అని. వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపిస్తే ఊరు ఎంత తిట్టిందో, ఎలా వెలేసిందో చదివితే ఆ మాట అనడు. నాకు ఆ పెళ్ళి కంటే ఆయన ఆఖరి సంవత్సరం ఎక్కువ ఇష్టం. జీవితమంతా గ్రంథాల భాషలో రాసిన మనిషి, డెబ్బై ఏళ్ళు వచ్చాక 1919లో వాడుక భాష కోసం పెట్టిన సమాజానికి అధ్యక్షుడిగా ఉండటానికి ఒప్పుకున్నారు, అదే ఏడాది మేలో పోయారు. ఊరికి ఎదురు నిలవడం ఒక ఎత్తు, తను రాసిన షెల్ఫుడు పుస్తకాలకి ఎదురు నిలవడం ఇంకో ఎత్తు. నేను మార్చుకోవాల్సింది ఒక స్టార్, దానికే రెండు రోజులు పట్టింది.

మూడు పెట్టాను. పులుసుకి అయిదు, బోర్డుకి సున్నా, మిగతావి మధ్యలో. చేప విలస అని, ఓనరే చెప్పాడని, బోర్డు మార్చాలని రాశాను. కింద మొదటి వ్యాఖ్య, "ఎంతిచ్చారు బ్రో". మా బావ గెలిచాడు. రెండోది, "పక్క హోటల్ ఏజెంట్". ఇద్దరికీ ఒకటే జవాబిచ్చాను, మీరు తిన్నారా అండీ అని. ఒకరు తిరిగి మాట్లాడలేదు. ఇంకొకాయన మర్నాడు, "లేదండి, రాజోలు నుంచి ఎంత దూరం?" అని అడిగాడు.

ఆగస్టు ఆఖర్న ఫోన్ చేసి చెప్పి మళ్ళీ వెళ్ళాను, ఈసారి మేనత్తని తీసుకెళ్ళాను. ఆవిడ తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, ఇంకా కొయ్యని చేప మొప్పలెత్తి చూసి, ఓనర్ని ఒక చూపు చూసి, "బానే ఉంది, కొయ్యండి" అంది. ఆ పూటకి ఆ పూట కాచిన పులుసు, కాబట్టి మొన్నటి దానితో పోల్చడం న్యాయం కాదు. ముక్క మెత్తగా, కొవ్వు తగులుతూ ఉంది. తేడా తెలిసిందా అంటే తెలిసింది. పన్నెండొందలు ఇచ్చాక తెలియకుండా ఉంటుందా, ఆ మాటా నిజమే. కళ్ళకి గంతలు కట్టి రెండూ పెడితే చెప్పగలనా అని అత్తని అడిగాను, నువ్వు బెండకాయా వంకాయా తేడా చెప్పు చాలు అంది.

బోర్డు అలాగే ఉంది. కాకపోతే నీళ్ళ గ్లాసులు పెట్టే కుర్రాడు ఇప్పుడు కూర్చోగానే "విలసండి, పులస కావాలంటే ముందు చెప్పాలండి" అని అందరికీ చెబుతున్నాడు, పక్క బల్ల వాళ్ళకి కూడా చెప్పడం విన్నాను. కాబట్టి ఇప్పటికి మూడే ఉంచాను, బోర్డు మారిన రోజున నాలుగు చేస్తాను.

వెళ్ళేవాళ్ళు పన్నెండున్నర లోపు వెళ్ళండి, రెండింటికి కుండ అడుగంటుతుంది. పార్సిల్ కావాలంటే స్టీలు క్యారియర్ తీసుకెళ్ళండి, వాళ్ళిచ్చే ప్లాస్టిక్ కవర్లో పులుసు ఎదుర్లంక వంతెన దిగేలోపే బండి మీద కారిపోతుంది, ఆ వాసన వారం రోజులు పోదు.